ప్రస్తావన వేరు, అనుమతి వేరు: జర్నల్ వ్యాసంలో ఇతరుల బొమ్మలు వాడుకోవాలంటే

మీరు అడిగింది ఇది. నల్లగొండ ప్రాంతపు భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ మీద మీరు రాసిన సమీక్షా వ్యాసాన్ని విదేశీ ప్రచురణ సంస్థకు చెందిన ఒక ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నల్ ఆమోదించింది. అయితే వ్యాసంలోని ఏడు బొమ్మలకు హక్కుదారుల అనుమతి పత్రాలు పంపితే తప్ప ప్రొడక్షన్‌కు ఇవ్వలేమని ఎడిటోరియల్ ఆఫీసు రాసింది. ప్రతి బొమ్మ కిందా రచయిత పేరు, సంవత్సరం, జర్నల్ పేరు ఇచ్చాక ఇంకా అనుమతి దేనికి, ఎవరిని అడగాలి, జవాబు రాకపోతే ఏం చెయ్యాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను పద్దెనిమిదేళ్లుగా జర్నళ్ల ప్రొడక్షన్‌లో, అందులో ఎక్కువ కాలం అనుమతుల డెస్కులో పనిచేస్తున్నాను. మీ పరిస్థితిలో ఉన్న రచయితలు నాకు వారానికి ఇద్దరు ముగ్గురైనా తగులుతారు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క విషయం స్పష్టం చేసుకోవాలి. మూలాన్ని ప్రస్తావించడం విద్యారంగపు నియమం. ఈ ఆలోచన, ఈ ఫలితం నాది కాదు, ఫలానావారిది అని నిజాయితీగా చెప్పడం. అనుమతి తీసుకోవడం ఆస్తికి సంబంధించిన విషయం. పొలం ఫలానావారిదని గట్టు మీద బోర్డు పెట్టినంత మాత్రాన అందులో పంట కోసుకునే హక్కు మనకు రాదు. ప్రస్తావన లేకపోతే అది గ్రంథచౌర్యం, అనుమతి లేకపోతే అది కాపీరైట్ ఉల్లంఘన. ఒకటి చేసి రెండోది మానేస్తే రెండో తప్పు అలాగే మిగిలిపోతుంది. మీరు మొదటి పని శ్రద్ధగా చేశారు. ఎడిటోరియల్ ఆఫీసు అడుగుతున్నది రెండోది.

‘పరిశోధన కోసమే కదా, ఫెయిర్ డీలింగ్ (అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకం) కిందకు రాదా’ అని చాలామంది అడుగుతారు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ సొంత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు కొంత వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. ఒక వ్యాసం నుంచి నాలుగు వాక్యాలు ఎత్తి చూపి వాటి మీద చర్చించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇంట్లో కూర్చుని చదువుకోవడానికి ఒక బొమ్మను కాపీ చేసుకోవడం, అదే బొమ్మను మొత్తంగా తీసి ప్రపంచమంతటికీ అందేలా మళ్లీ ప్రచురించడం ఒకటి కావు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఫొటోకాపీ దుకాణం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును కొందరు ఉదహరిస్తారు. ఆ తీర్పు తరగతి బోధనకు తయారుచేసుకునే కోర్సు ప్యాకుల గురించి, అంటే పుస్తకాల్లోని భాగాల ఫొటోకాపీల కట్టల గురించి. జర్నల్ ప్రచురణకు దాన్ని అన్వయించలేం. ‘పది శాతం లోపు వాడితే ఫర్వాలేదు’ అన్న లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. పైగా చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది ఒక ప్రశ్న అయితే, మీ ప్రచురణ సంస్థ ఎంతవరకు ఒప్పుకుంటుందన్నది మరో ప్రశ్న. దావా వస్తే ముందుగా ఇరుక్కునేది వాళ్లే కనుక వాళ్ల నియమం చట్టం కన్నా కఠినంగానే ఉంటుంది. మీరు సంతకం చేసే రచయిత ఒప్పందంలో ‘ఇతరుల సామగ్రికి అవసరమైన అనుమతులన్నీ నేనే తీసుకున్నాను’ అన్న హామీ కూడా ఉంటుంది. అందువల్ల ఆ భారం మీదే.

ఇక మీ ఏడు బొమ్మల సంగతి. వాటిలో కనీసం మూడింటికి అసలు అనుమతి అవసరమే రాకుండా చేసుకోవచ్చు. అందుకే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టే ముందు ఏ బొమ్మ నిజంగా కావాలో తేల్చుకోండి.

కాపీరైట్ వ్యక్తీకరణకు ఉంటుంది, వాస్తవాలకు ఉండదు. ఫలానా గ్రామంలోని చేతిపంపు నీటిలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందన్న కొలత ఎవరి సొత్తూ కాదు. ఆ కొలతలను ఎంచుకుని, అమర్చి, రంగులు వేసి, గీతలు గీసి తయారుచేసిన బొమ్మకు హక్కు ఉంటుంది. ఒట్టి శ్రమ పడినంత మాత్రాన కాపీరైట్ రాదని, కనీసమైన సృజన అందులో ఉండాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. కాబట్టి చందా జర్నల్ నుంచి మీరు తీసుకున్న రెండు గ్రాఫులలో మొదటిది, అంటే మండలాలవారీ సగటు ఫ్లోరైడ్ చూపే బార్ గ్రాఫు, మీకు అక్కర్లేదు. ఆ వ్యాసంలోని పట్టికలోనే అంకెలు ఉంటే వాటిని తీసుకుని, మరో రెండు మూడు అధ్యయనాల అంకెలు కూడా చేర్చి, మీ సొంత గ్రాఫు గీయండి. కింద డేటా మూలాలను పేర్కొనండి. సమీక్షా వ్యాసానికి అదే ఎక్కువ విలువ తెస్తుంది. ఒకరి గ్రాఫును యథాతథంగా అతికించడం కన్నా నాలుగు అధ్యయనాలను ఒకచోట పోల్చి చూపడమే కదా సమీక్ష చేయవలసిన పని.

ఇక్కడొక హెచ్చరిక. బొమ్మను ట్రేస్ చేసి రంగులు మార్చడం, బాణాల ఆకారం మార్చడం, పేర్లు కుడి నుంచి ఎడమకు జరపడం తిరిగి గీయడం కాదు. మూల చిత్రం పక్కన పెట్టి చూస్తే కూర్పు అదేనని తెలిసిపోతున్నప్పుడు అది అనుసరణే అవుతుంది, అనుసరణకూ అనుమతి కావాలి. ‘అడాప్టెడ్ ఫ్రమ్’ అని కింద రాసుకుంటే సరిపోతుందన్న భ్రమ మన విభాగాల్లో బలంగా ఉంది. ఆ రెండు మాటలు చూడగానే మా డెస్కులో మొదట అడిగేది ‘అనుమతి పత్రం ఏది’ అనే. మూల బొమ్మను మూసేసి, అంకెల నుంచో మీకు అర్థమైన భావన నుంచో కొత్తగా గీస్తేనే అది మీది.

రెండో గ్రాఫు, ఫ్లోరైడ్ ఎముకలో చేరే క్రమాన్ని చూపే రేఖాచిత్రం, అలా గీయగలిగినది కాదు, దాని విలువంతా దాని కూర్పులోనే ఉంది. దీనికి అనుమతి తీసుకోవాల్సిందే. ఎవరిని అడగాలి? చందా జర్నళ్లలో చాలావరకు రచయిత తన కాపీరైటును ప్రచురణకర్తకు రాసిచ్చేసి ఉంటాడు, లేదా ప్రచురించే ప్రత్యేక హక్కునైనా ఇచ్చి ఉంటాడు. అందువల్ల రచయిత మీకు మిత్రుడైనా, ‘తప్పకుండా వాడుకోండి’ అని మెయిల్ పంపినా, ఆ మెయిల్ చెల్లదు. వ్యాసం మొదటి పేజీ అడుగున కాపీరైట్ గుర్తు పక్కన ఎవరి పేరు ఉందో చూడండి. రచయితకు మర్యాదగా ఒక మాట చెప్పడం మంచిదే. అనుమతి మాత్రం ఆ పేరున్నవారి నుంచి రావాలి.

పెద్ద ప్రచురణకర్తల దగ్గర ఇది ఇప్పుడు ఉత్తరాలతో జరిగే పని కాదు. వ్యాసం వెబ్ పేజీలోనే ‘రైట్స్ అండ్ పర్మిషన్స్’ అనో ‘గెట్ రైట్స్ అండ్ కంటెంట్’ అనో లంకె ఉంటుంది. దాన్ని నొక్కితే అమెరికాలోని కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ నడిపే రైట్స్‌లింక్ తెరుచుకుంటుంది. అక్కడ వరుసగా అడిగే ప్రశ్నలను తొందరపడకుండా నింపాలి: ఎక్కడ వాడతారు, పుస్తకంలోనా, జర్నల్‌లోనా, థీసిస్‌లోనా, వ్యాసం మొత్తమా, బొమ్మలా, బొమ్మలైతే ఎన్ని, అచ్చుకా, ఎలక్ట్రానిక్‌కా, రెండిటికా, అనువాదం ఉందా, అడుగుతున్నవారు ఆ వ్యాస రచయితేనా. అన్నీ నింపాక రుసుము ఎంతో చూపిస్తుంది. ఒప్పుకుంటే లైసెన్సు సంఖ్యతో పత్రం వస్తుంది. రుసుము సున్నా అయినా ఆ పత్రం తీసుకోవాల్సిందే, ఎందుకంటే మీ ఎడిటర్ అడిగేది ఆ సంఖ్యనే.

ఈ ప్రశ్నల్లో ఒకదాన్ని తప్పుగా నింపితే ఏమవుతుందో మా డెస్కులోనే చూశాను. ఒక రచయిత ఎంతో శ్రమపడి మూడు బొమ్మలకు అనుమతి తెచ్చారు, కానీ ‘ప్రింట్’ ఒక్కటే ఎంచుకున్నారు. ఆ జర్నల్‌ను చదివేవాళ్లలో దాదాపు అందరూ ఆన్‌లైన్‌లోనే చదువుతారు. సంచిక విడుదల తేదీ దగ్గరపడింది, అవతలి సంస్థ నుంచి సవరించిన లైసెన్సు రాలేదు. చివరకు ఆన్‌లైన్ ప్రతిలో బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు ఖాళీ పెట్టె, అందులో ‘అనుమతి పరిమితుల వల్ల ఈ బొమ్మ ఇక్కడ అందుబాటులో లేదు’ అన్న వాక్యం వచ్చాయి. మూడేళ్లు పనిచేసి రాసిన వ్యాసంలో ముఖ్యమైన చిత్రం అలా పోవడం చూసి ఆ రచయిత పడిన బాధ నాకింకా గుర్తుంది. ఎప్పుడు అడిగినా ‘అచ్చు, ఎలక్ట్రానిక్ రెండిటికీ, ప్రపంచవ్యాప్తంగా, అన్ని భాషల్లో, కాలపరిమితి లేకుండా, వ్యాసం ఆన్‌లైన్‌లో ఉన్నంతకాలం’ అని అడగండి. తక్కువ అడిగి తర్వాత పెంచుకోవడం చాలా కష్టం.

మీ విషయంలో మరో చిక్కు ఉంది. మీ జర్నల్ ఓపెన్ యాక్సెస్, మీ వ్యాసం సీసీ బై (క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్) లైసెన్సుతో వెలువడుతుంది. అంటే మూలం చూపితే చాలు, వ్యాసంలోని దేనినైనా, వ్యాపారానికైనా సరే, ఎవరైనా వాడుకోవచ్చని లోకానికి ముందే అనుమతి ఇస్తున్నారన్నమాట. ఇతరుల బొమ్మ మీద అలాంటి హామీ ఇచ్చే అధికారం మీకు లేదు, చందా జర్నల్ కూడా ఆ షరతుకు సాధారణంగా ఒప్పుకోదు. దీనికి పరిష్కారం ఉంది. మీ వ్యాసం సీసీ బై కింద వస్తోందని అభ్యర్థనలోనే స్పష్టంగా చెప్పాలి, బొమ్మ కింద ఇలా రాయాలి: ‘ఫలానా ప్రచురణకర్త అనుమతితో పునర్ముద్రణ, లైసెన్సు సంఖ్య ఫలానా. ఈ బొమ్మకు ఈ వ్యాసపు సీసీ బై లైసెన్సు వర్తించదు. దీన్ని తిరిగి వాడదలచినవారు మూల హక్కుదారును అడగాలి.’ ఈ విషయం దాచిపెట్టి మామూలు జర్నల్ అన్నట్టుగా లైసెన్సు తీసుకుంటే, తర్వాత అది బయటపడినప్పుడు లైసెన్సే చెల్లకుండా పోవచ్చు.

డబ్బు గురించి కూడా అడిగారు. ఎస్‌టీఎం అనే అంతర్జాతీయ ప్రచురణకర్తల సంఘం అనుమతులపై కొన్ని మార్గదర్శకాలు రూపొందించింది. వాటి మీద సంతకం చేసిన సంస్థలు ఒకరి జర్నల్ వ్యాసం నుంచి మరొకరు మూడు బొమ్మలు లేదా పట్టికల వరకు, 400 పదాల లోపు ఉల్లేఖనాన్ని ఉచితంగా వాడుకోనిస్తాయి. మీ జర్నల్ ప్రచురణకర్త, ఆ బొమ్మ ప్రచురణకర్త ఇద్దరూ ఆ జాబితాలో ఉంటే మీకు రుసుము పడకపోవచ్చు. జాబితా ఎస్‌టీఎం వెబ్‌సైట్‌లో ఉంటుంది. అయితే సంతకం చేసిన సంస్థల్లో కొన్నిటికి ఉచితమైనా అభ్యర్థన పెట్టాల్సిందే. ఈ 400, ఈ మూడు అన్న అంకెలు ప్రచురణకర్తల మధ్య ఒప్పందమే తప్ప చట్టం కాదని మరచిపోవద్దు. సంతకం చేయని సంస్థకు, మ్యూజియానికి, ఫొటోగ్రాఫరుకు అవి వర్తించవు.

మూడో బొమ్మ, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై దంతాలకు, ఎముకలకు వచ్చే జబ్బు) సోకిన దంతాల ఫొటో, సీసీ బై వ్యాసం నుంచి తీసుకున్నారు కాబట్టి అనుమతి అక్కర్లేదని రాశారు. చాలావరకు నిజమే, కానీ ఆ ఫొటో కింది వ్యాఖ్యను మరోసారి చదవండి. ‘ఫలానా వారి అనుమతితో’ అని అక్కడుంటే ఆ వ్యాస రచయితలు కూడా మరొకరి దగ్గర తెచ్చుకున్నారన్నమాట. అప్పుడు వ్యాసానికున్న సీసీ బై ఆ ఫొటోకు వర్తించదు, మీరు ఆ మూడోవారి దాకా వెళ్లాలి. అలాంటి మాట లేకపోతే నిశ్చింతగా వాడుకోండి. రచయితల పేర్లు, మూల వ్యాసం, లైసెన్సు పేరు, దాని లంకె, మీరు ఏమైనా కత్తిరించారా, గుర్తులు పెట్టారా అన్నది కింద తెలపండి. మార్పులు చెప్పడం మర్యాద కోసం కాదు, అది లైసెన్సు షరతు. ఉచితంగా చదవగలిగే వ్యాసాలన్నీ సీసీ బై కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. వైద్య వ్యాసాలను ఉచితంగా చదవనిచ్చే పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి పాఠం దొరికినంత మాత్రాన తిరిగి ప్రచురించే హక్కు వచ్చినట్టు కాదు. సీసీ పక్కన ఎన్‌సీ ఉంటే వ్యాపార వినియోగం కుదరదు, ఎన్‌డీ ఉంటే మార్చడం కుదరదు. ఆ రెండక్షరాలు చూడకుండా వాడినవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు.

ఏడు బొమ్మలు కాక మీరు వాడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక సంగతి త్వరగా తేల్చవచ్చు. ఆ సంస్థ ఇటీవలి ప్రచురణలు ఎన్‌సీ, ఎస్‌ఏ (మార్చి వాడినదాన్ని అదే లైసెన్సుతో ఇవ్వాలన్నది) షరతులున్న సీసీ లైసెన్సుతో వస్తాయి. అది మీ సీసీ బై వ్యాసంలో సులువుగా ఇమడదు. కానీ మీకు కావలసింది పట్టిక కాదు, తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న మార్గదర్శక విలువ. దానితోపాటు ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం మన దేశంలో ఆమోదనీయ పరిమితి 1.0, మరో నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 1.5 అన్న విలువలను మీ మాటల్లో, మీ పట్టికలో రాసి మూలాలు చూపండి. అంకెలకు అనుమతి అక్కర్లేదు.

ప్రభుత్వ నివేదికలోని జిల్లా మ్యాపు గురించి మీరు వేసుకున్న లెక్క సరిగా లేదు. ప్రభుత్వం ప్రచురించినది ప్రజలదే అన్న భావన అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ప్రచురణల విషయంలో చాలావరకు చెల్లుతుంది, మన దగ్గర కాదు. భారత చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గెజిట్, చట్టాల పాఠం, కోర్టు తీర్పులు, చట్టసభ ముందుంచిన కమిటీ నివేదికల వంటి వాటికి 52వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి, కానీ ప్రతి శాఖ వెలువరించే ప్రతి నివేదికా ఆ కోవలోకి రాదు. చాలా కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల అడుగున ‘కాపీరైట్ పాలసీ’ అనే పేజీ ఉంటుంది. సమాచారాన్ని ఉచితంగా వాడుకోవచ్చు, అయితే ముందుగా మెయిల్ పంపి అనుమతి తీసుకోవాలి, యథాతథంగా వాడాలి, మూలాన్ని స్పష్టంగా చూపాలి, మూడో పక్షానికి చెందినవాటికి ఇది వర్తించదు అన్న అర్థంలో అక్కడ రాసి ఉంటుంది. అది చదివి అలాగే చెయ్యండి. ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో పెట్టిన డేటా సెట్లకు మాత్రం 2017లో ప్రకటించిన గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్సు వర్తిస్తుంది, మూలం చూపితే చాలు.

అయినా ఆ మ్యాపును వదిలెయ్యమనే నా సలహా, దానికి కారణం కాపీరైట్ ఒక్కటే కాదు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగి ఉమ్మడి నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. మీరు జతచేసినది ఉమ్మడి జిల్లా మ్యాపు. మీ పట్టికల్లోనేమో కొత్త జిల్లాల పేర్లున్నాయి. సమీక్షకులు పట్టించుకోలేదు కానీ పాఠకులు గందరగోళపడతారు. మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో సరిహద్దుల ఫైలు తెచ్చుకుని, మీ డేటా బిందువులను దాని మీద పెట్టి సొంత మ్యాపు గీసుకోవడం మీ విభాగంలో ఎవరికైనా ఒక పూట పని. సరిహద్దులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఔత్సాహికులు కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) నుంచి తీసుకుంటే దాని కంట్రిబ్యూటర్లకు క్రెడిట్ ఇవ్వాలి. మూలన చిన్నగా భారతదేశ పటం పెట్టే అలవాటు ఉంది కదా, అక్కడ మాత్రం జాగ్రత్త: దేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులకు అనుగుణంగా లేని పటాలను ప్రచురించడం 1961 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. విదేశీ సాఫ్ట్‌వేర్లలో ముందే ఉండే సరిహద్దులను అలాగే దింపుకోవద్దు.

ఇప్పుడు కష్టమైన బొమ్మ దగ్గరకు వద్దాం. వంగిపోయిన కాళ్లతో ఇంటి అరుగు మీద కూర్చున్న వ్యక్తి ఫొటో, ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో వచ్చినది. అది చదువరిని కదిలిస్తుంది, నిజమే. దానిలో మూడు హక్కులు ముడిపడి ఉన్నాయి. పత్రికలో ఉద్యోగిగా ఉన్న ఫొటోగ్రాఫరు పత్రిక కోసం తీసిన ఫొటో మీద యాజమాన్యానికి ఉన్న హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లోనూ అలాంటి నియతకాలికాల్లోనూ ప్రచురించుకునే మేరకే ఉంటుందని, మిగతా అన్ని విషయాల్లో హక్కు తీసినవారిదేనని కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. సీసీ బై అంటే మిగతా అన్ని వినియోగాలకూ తలుపులు తెరవడమే కదా. తీసినవారు ఉద్యోగి కాక కంట్రిబ్యూటరైతే లెక్క మళ్లీ మారుతుంది, వారి మధ్య ఒప్పందం చూడకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. కొన్నేళ్ల కిందట మేము చూసిన ఒక వ్యాసంలో పత్రికా కార్యాలయం ‘అభ్యంతరం లేదు’ అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది. వ్యాసం వెలువడిన ఆరు నెలలకు ఆ ఫొటో తీసిన కంట్రిబ్యూటర్ తన పేరైనా లేదని ఫిర్యాదు చేశారు. ఆయన మాట న్యాయమైనదే. ఫొటో తీసేసి, సవరణ ప్రకటన వెయ్యాల్సి వచ్చింది. ఆ ప్రకటన ఆ వ్యాసాన్ని ఇప్పటికీ అంటిపెట్టుకునే ఉంది.

మూడో హక్కు ఫొటోలోని మనిషిది. ఇది కాపీరైట్ కాదు, సమ్మతి. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం రోగిని గుర్తుపట్టే వీలున్న ఫొటోకు అతని లిఖితపూర్వక సమ్మతి ఉండాలి. కళ్ల మీద నల్ల పట్టీ వేసినంత మాత్రాన గుర్తింపు మరుగుపడదని కూడా ఆ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. పత్రిక విలేకరితో మాట్లాడటానికి ఒప్పుకున్న మనిషి, ఇంటర్నెట్‌లో శాశ్వతంగా ఉండే ఒక వైద్య వ్యాసంలో తన శరీరాన్ని చూపడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఆ ఫొటోను తీసెయ్యండి. తప్పనిసరిగా అలాంటి చిత్రం కావాలనుకుంటే మీ ఆసుపత్రిలోని రోగిని అడిగి, ఆ ఫొటో ఎక్కడ కనిపిస్తుందో, దాన్ని ఎవరైనా వాడుకోగలరన్న సంగతి కూడా తెలుగులో వివరించి, సంతకం తీసుకుని మీరే తీయండి. వద్దంటే వదిలెయ్యండి.

1930ల చివరి నాటి వైద్య పత్రికలోని ఎక్స్‌రే ఫొటో గురించి ‘వందేళ్లు కావస్తోంది కదా’ అన్నారు. చట్టం వ్యాసం వయసును చూడదు, రచయిత మరణించిన సంవత్సరాన్ని చూస్తుంది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. రచయితలు ఎక్కువమంది ఉంటే చివరగా మరణించినవారి నుంచి లెక్క. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వివరించిన 1937 నాటి ప్రసిద్ధ వ్యాసాన్నే చూడండి. దాని మొదటి రచయిత హెచ్. ఇ. షార్ట్ నిండు నూరేళ్లు బతికి 1987లో మరణించారు. ఆ పాఠాన్ని వ్యక్తుల రచనగా లెక్కిస్తే హక్కు కనీసం 2047 దాకా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులుగా విధి నిర్వహణలో చేసిన ప్రభుత్వ రచనగా లెక్కిస్తే ప్రచురణ నుంచే లెక్క కనుక ఎప్పుడో తీరిపోయింది. ఫొటోల సంగతి సులువు: 2012 సవరణకు ముందు వాటి కాలపరిమితిని ప్రచురణ నుంచే లెక్కించేవారు కనుక 1937లో ఇక్కడ అచ్చయిన ఫొటో మీద మన చట్టం కింద హక్కు మిగల్లేదు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కదాన్నే వాడుకోవచ్చన్నది నా అభిప్రాయం. మీ ప్రచురణకర్త విదేశంలో ఉన్నారు కాబట్టి ఈ తర్కాన్ని నాలుగు వాక్యాల్లో రాసి ఎడిటోరియల్ ఆఫీసుకు పంపండి, వాళ్ల దేశపు లెక్క వాళ్లు చూసుకుంటారు. ఆ పేజీని స్కాన్ చేసి పెట్టిన గ్రంథాలయం షరతులు కూడా చూడండి.

చివరిది మీ సొంత బొమ్మ, ఆరేళ్ల కిందట ఒక భారతీయ సంఘపు జర్నల్‌లో వచ్చింది. నాది నేను వాడుకోవడానికి అనుమతేమిటని అనిపించడం సహజం. అప్పట్లో మీరు సంతకం చేసిన కాపీరైట్ ఫారం వెతికి తియ్యండి. హక్కులన్నీ రాసిచ్చేసి ఉంటే ఆ బొమ్మ ఇప్పుడు మీది కాదు, అడగాలి. చాలామంది ప్రచురణకర్తలు రచయితకు ఉచితంగానే ఇస్తారు. అయితే 19వ సెక్షన్ ఒక మంచి మాట చెబుతోంది: బదలాయింపు పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావించాలి. మన సంఘాల జర్నళ్ల ఫారాలు చాలావాటిలో ‘కాపీరైటును జర్నల్‌కు బదలాయిస్తున్నాము’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. మీ ఫారం అలాంటిదైతే ఐదేళ్లు దాటాయి కనుక హక్కు తిరిగి మీకూ మీ సహరచయితలకూ వచ్చినట్టే. అప్పుడు సహరచయితల సమ్మతి మెయిల్ ఒకటి తీసుకుని, సంఘానికి మర్యాదగా తెలియజేస్తే చాలు.

అభ్యర్థన రాసేటప్పుడు పొడవైన పొగడ్తలు వద్దు. అవతలివారు ఒకే చూపులో నిర్ణయించగలిగేలా ఉండాలి: మూల వ్యాసం పేరు, డీఓఐ (వ్యాసపు శాశ్వత డిజిటల్ గుర్తింపు సంఖ్య), బొమ్మ సంఖ్య, పేజీ, మీ వ్యాసం పేరు, జర్నల్, ప్రచురణకర్త, లైసెన్సు, మార్పులు చేస్తారా లేదా, కావలసిన హక్కుల పరిధి, మీరు వేయదలచిన క్రెడిట్ వాక్యం, మీకు జవాబు కావలసిన తేదీ. బొమ్మ కాపీని జతచేయండి. ఫోన్‌లో ‘సరే’ అంటే సరిపోదు, 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. వచ్చిన ప్రతి పత్రాన్నీ బొమ్మ సంఖ్యతో పేరు పెట్టి ఒకే ఫోల్డరులో దాచండి. పదేళ్ల తర్వాత పుస్తకం వేస్తామని ఎవరైనా అడిగినప్పుడు అదే మిమ్మల్ని కాపాడుతుంది.

జవాబు రాకపోతే? మౌనం అంగీకారం కాదు. ‘రెండు వారాల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టు భావిస్తాము’ అని రాసే అలవాటు కొందరికుంది. దానికి చట్టబలం లేదు. మూడు వారాలకు ఒకసారి, ఐదు వారాలకు ఇంకోసారి గుర్తుచేయండి. సంస్థ మూతపడి ఉంటే దాన్ని కొన్నవారెవరో కనుక్కోండి. రచయిత మరణించిన, లేదా ఎవరో తెలియని, ఆచూకీ దొరకని భారతీయ రచనలకు 31ఎ సెక్షన్ కింద లైసెన్సు తెచ్చుకునే మార్గం ఉంది కానీ, ఒక్క బొమ్మ కోసం ఆ దారి పట్టమని నేను ఎవరికీ చెప్పను. బొమ్మ మార్చుకోవడం మేలు.

మీకు ఇప్పుడు నిజంగా బయటి నుంచి పత్రం కావలసింది ఎముక రేఖాచిత్రానికి, ఫారంలో ఉన్నదాన్ని బట్టి బహుశా మీ సొంత బొమ్మకు. మొదటిదాన్ని ఈ రోజే రైట్స్‌లింక్‌లో పెట్టండి. ఎడిటోరియల్ ఆఫీసుకు ఈ వారంలోనే మెయిల్ రాసి, ఏ బొమ్మను తీసేస్తున్నారో, ఏది కొత్తగా గీస్తున్నారో, ఏ అనుమతి ఏ తేదీన అడిగారో తెలిపి ఆరు వారాల గడువు కోరండి. ఆమోదం పొందిన వ్యాసానికి ఇలాంటి కారణంతో గడువు అడిగితే కాదన్న ఎడిటర్‌ను నేను ఇంతవరకు చూడలేదు.